మా యింటి కోకో

మనుజుడు త్రాగునది దప్పిక తీర్చుకొనుటకు మాత్రమే యైనచో గృహిణులకు చింతయే లేకుండెడిది. కాని పానీయమునకు మర్యాద యను మఱియొక ప్రయోజనము కలదు. ఎవరికి ముందిచ్చితిమి, ఎవరికి చివర మిగిల్చితిమి యనుదానినిబట్టి ఆ యింటి నాగరికత తెలియును.

మా బంధువర్గము హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడూళ్లలోను చెదరియున్నది. మూడును ఒకే రైలుదారిలోనివి గావున రాకపోకలకు కొదవలేదు. వెళ్లినచోటనెల్ల కాఫీకిని టీకిని కొదవలేదు. మా పెద్దలనాట మొదటి డికాక్షను పురుషులకు, అదే పొడిపై మరల నీళ్లుపోసి దించిన రెండవది స్త్రీలకు, మూడవది పనివారికి. దీనిని ఎవరును అన్యాయ మనలేదు, పొదుపనిరి. ధర్మవరమున పట్టుచీరలు నేయు ఇండ్లలో మగ్గపుగుంటలో కూర్చున్నవారు ఫలహారమునకు బదులు టీతోనే ప్రొద్దుపుచ్చుట మేము చూచియున్నాము. ఇక పిల్లలకో, బలము కలుగునను నమ్మకముతో కొన్న తీపిపొడి డబ్బాలు. 2024 ఏప్రిలులో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖవారు ఇట్టి పానీయములను 'హెల్త్ డ్రింకు' అను వర్గమునుండి తొలగింపుడని ఆన్‌లైను అంగళ్లవారిని ఆదేశించిన పిమ్మట గాని, ఆ డబ్బాలో చక్కెరపాలెంతయని అనేకులు చదివి చూడలేదు.

ఇప్పుడు మా యింట సాయంకాలము కోకో కాచుకొనుచున్నాము. అది గోదావరి ప్రాంతమున పండిన గింజలనుండి చేసిన పొడి, చక్కెర కలుపనిది.

"కోకో మన సీమ పంట కాదుగదా, అది స్వదేశీయ మెట్లగును?" అని కొందఱు మిత్రు లడిగిరి. ఉచితమైన ప్రశ్నయే. కోకో చెట్టునకు నీడయు, ఏటికి సుమారు 1500 మిల్లీమీటర్ల వానయు కావలెను. మా అనంతపురపు సీమలో కురియునది ఇంచుమించు 550. కాని ఏలూరు, పశ్చిమగోదావరి ప్రాంతములలో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో అంతరపంటగా ఈ చెట్టు చక్కగా కాయుచున్నది. కోకో దిగుబడిలో దేశమున ఆంధ్రప్రదేశమే మొదటిది. తెలుగు రైతు పండించినది తెలుగువాని లోటాలోనికి వచ్చుటకంటె దగ్గఱి దేమి కావలయును?

కాయ కోసి పగులగొట్టి, గుజ్జుతో కూడిన గింజలను అయిదాఱు దినములు పులియబెట్టుదురు. పులియనిచో ఆ సువాసనయే పుట్టదు. పిదప ఎండబెట్టి, వేయించి, పొట్టు తీసి నూఱగా ముద్దయగును. ముద్దను ఒత్తి వెన్న తీసివేయగా మిగిలిన పిండియే కోకోపొడి. ఈ ఒత్తిడి యంత్రమునకు 1828లో హాలండు దేశపు వాన్ హౌటెను కుటుంబమువారు పేటెంటు పొందిరి. చేదును పులుపును తగ్గించుటకు పొడిని క్షారముతో సంస్కరించు పద్ధతియు వారినుండియే వ్యాపించినది. అట్లు చేసిన పొడి నల్లగను మృదువుగను ఉండును. అయితే కోకోకు సహజమైన పాలీఫినాలులు అందు చాలవఱకు నశించును. సహజమైన పొడి లేతగోధుమవన్నెతో కొంచెము పుల్లగా నుండును. కొనువారు డబ్బాపై 500, 501 అను సంఖ్యలు గల ఆమ్లత నియంత్రకములు పేర్కొనబడినవేమో చూచుకొనవలెను.

చేయువిధము సులభము. చెంచాడు పొడిని ముందుగా కొద్ది వేడినీళ్లతో మెదిపిన ఉండకట్టదు. దానిపై కాగిన పాలు పోసి, పొయ్యి దింపిన తరువాత హిందూపురపు బెల్లము కలుపవలెను. పొయ్యిమీదనే బెల్లము వేసినచో పాలు విఱుగవచ్చును. పాలు కొనుట భారమైన యింట పలుచని రాగిజావలో కలిపినను మిక్కిలి రుచిగా నుండును. రాగిసంగటి తిని పెరిగిన మాకు అదియే ఎక్కువ హితవైనది. కోకో ఔషధము కాదు. ఇందును కొంత ఉత్తేజక గుణము కలదు గావున పసిపిల్లలకు రాత్రివేళ నీయరాదు.

ఇంకొక మాట. 2024లో ప్రపంచవిపణిలో కోకో టన్ను వెల పదివేల డాలర్లు దాటెను. మరుసటి యేడు ధర పడిపోగా, గింజలు సరిగా అమ్ముడుపోక, గిట్టుబాటు లేక, ఏలూరు ప్రాంతపు రైతులు ఆందోళనకు దిగిరి. తన పంట రుచి తానే ఎఱుగని దేశమున రైతు భాగ్యము పరదేశపు విపణిచేతిలో నుండును. మనమందఱమును త్రాగినంతమాత్రాన ఆ కష్టము తీరునని మే మనము. కాని ఇంటింట వాడుక పెరిగినకొలది పొరుగున కొనువారు పెరుగుదురుగదా.

అన్నింటికంటె మాకు నచ్చిన గుణ మొకటి కలదు. కాఫీపిండి పిప్పియై మిగులును; కోకోపొడి పిప్పి లేక సమస్తమును లోటాలోనికే వచ్చును. కావున దీనికి రెండవ డికాక్షను లేదు. అత్తకును కోడలికిని, యజమానునికిని పనిమనిషికిని ఒకే పాత్రనుండి ఒకే పానీయము పోయవలసినదే. ఇన్నాళ్లు పొదుపను పేరిట మన వంటిండ్లలో నిలిచిన తారతమ్యమును ఒక చెంచాడు పొడి సిగ్గుపఱచుచున్నది. సోదరీమణులు ఏ పానీయము కాచినను సరే, ఈ సమత్వమును మాత్రము మఱువకుందురుగాక.