శబ్దానుమానం

నైయాయికుల మతంలో శబ్దం ఆకాశగుణం. కర్ణశష్కుల్యవచ్ఛిన్నమైన ఆకాశమే శ్రోత్రం. ఏరు పోటెత్తితే ఎగువన వర్షం కురిసిందని గ్రహించడం, అనగా కార్యాన్ని బట్టి కారణాన్ని ఊహించడం, శేషవదనుమానం. చిలకలూరిపేట దాపున మిరప కల్లంలో రాత్రి కావలి ఉన్న రైతుబిడ్డ ఒకడు అదే పని లాప్‌టాప్ మీద చేస్తున్నాడు. సైలెంట్ హంటర్ 3 అనే జలాంతర్గామి క్రీడలో హైడ్రోఫోన్ చక్రం తిప్పుతూ, చెవులకు హెడ్‌ఫోన్లు బిగించి, నౌకల ప్రొపెల్లర్ ధ్వనిని వెదుకుతున్నాడు. మందగతి సవ్వడి సాధారణంగా వర్తకనౌక, త్వరితగతి యుద్ధనౌక.

తాను ధ్వని వెలువరించని ఈ శ్రవణం దిక్కునే చెబుతుంది, దూరాన్ని చెప్పదు. దూరం తెలియాలంటే ప్రమాత తానే కదలాలి. గమనం మార్చి, మళ్ళీ విని, దిశాభేదాన్ని బట్టి లెక్కకట్టాలి. (కూటస్థసాక్షిని నమ్మిన వేదాంతికి ఇది కొంత చిక్కే.) దిక్కు మారక ధ్వని మాత్రం పెరుగుతుంటే, ఆ నౌక తనపైకే వస్తున్నది.

ఆ రాత్రి అతనికి అది వినిపించింది. పడమటి ఉరుము వినిపించలేదు. తండ్రి మంచం మీద నుండే మెరుపు చూసి, ఉరుము దాకా అంకెలు లెక్కపెట్టాడు. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. రెండవ మెరుపుకు అంకె తగ్గింది. కుమారుణ్ణి రెండుసార్లు పిలిచి, బదులు లేక తానే పట్టాలు ఈడ్వసాగాడు. పట్టా అంచు లాప్‌టాప్ వెలుగును కప్పినప్పుడు గాని కుర్రవాడు హెడ్‌ఫోన్లు తీయలేదు. అప్పటికే కల్లం తూర్పుకొస తడిసింది. తడిసి రంగు పోయిన కాయ యార్డులో తాలు కింద లెక్క.