పోవద్దు అంటే చాలదు

నేను పుట్టింది పులివెందుల, పెరిగింది జమ్మలమడుగు, కాపురం ప్రొద్దుటూరు. ఈ మూడు ఊళ్లలోనూ నేను ఎక్కువసార్లు విన్న మాట ‘పోవద్దు’. ఫ్యాక్షన్ రోజుల్లో చీకటి పడితే, ‘ఈ పొద్దు బయటికి పోవద్దు’ అనేవాళ్లు. ఎందుకో చెప్పేవాళ్లు కాదు. ఎవరికి ఎవరితో పడదో, ఏ దారి మంచిది కాదో మగవాళ్లు మాట్లాడుకునేవాళ్లు. మాకు తెలిసింది తలుపు గడియ ఒక్కటే.

సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి చలికాలంలో కాస్కేడ్ కొండల్లోకి, కాపలా లేని చోట్లకి, స్కీయింగ్‌కు పోతుంది. మంచుచరియలు కూలి మనుషులు చనిపోయే కొండలవి. “పోవద్దే” అన్నాను. “ఎందుకు పోగూడదో చెప్పు మా, వింటాను” అంది. అక్కడి నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ చలికాలంలో రోజూ ఇచ్చే హెచ్చరికను నాకు పంపడం మొదలుపెట్టింది.

అందులో ప్రమాదం 1 నుంచి 5 దాకా ఎంతో, ఏ ఎత్తులో, ఏ దిక్కుకు తిరిగిన వాలు మీదో ఉంటుంది. సముద్రం దగ్గరి కొండలు కాబట్టి మంచు తడిగా, బరువుగా, ఒక్కో తుఫానుకు అడుగుల కొద్దీ పడుతుంది. మామూలుగా కొద్ది రోజుల్లో గట్టిపడుతుంది. కానీ తేటగా ఉన్న చలిరాత్రుల్లో మంచు పైన ఈకల్లాంటి పలుకులు పుడతాయి. వాటి మీద కొత్త మంచు పడితే ఆ బలంలేని పొర కిందే వారాల తరబడి ఉండిపోతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద ఒక మనిషి బరువు చాలు, పైనున్న పలకంతా విరిగి జారడానికి. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది విషయంలో చరియను కదిలించింది వాళ్లో, వాళ్ల తోటివాళ్లో.

తెలిస్తే చాలా? 2012 ఫిబ్రవరి 19న స్టీవెన్స్ పాస్ దగ్గర టన్నెల్ క్రీక్‌లో ముగ్గురు చనిపోయారు. ఆ గుంపులో ఉన్నది ఆరితేరినవాళ్లు. మనసులో శంక ఉన్నా పైకి అనలేదని కొందరు తర్వాత చెప్పారు. గుంపులో నోరు విప్పకపోవడం మన ఆడవాళ్లకు కొత్త విషయం కాదు.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, 19,600 అడుగుల ఎత్తున, పదిమంది సైనికులు మంచు కింద పడ్డారు. ఒకరు మా పక్కనే, అప్పటి కర్నూలు జిల్లా మనిషి. ఆరు రోజులకు ఒక్కరిని ప్రాణంతో తీశారు. 11న ఆయనా పోయాడు. అక్కడ ఉండాలా వద్దా అన్నది వాళ్ల చేతుల్లో లేదు. ఇంటి దగ్గర ఎదురుచూసిన ఆడవాళ్ల చేతుల్లో అసలే లేదు.

కారణం చెప్పకుండా ఆపేసినా, ఆజ్ఞ ఇచ్చి పంపినా, నిర్ణయం ఇంకొకరిదే. మా అమ్మాయికి ఆ నిర్ణయం తన చేతిలో ఉంది. దాన్ని నా భయం కోసం లాక్కోలేను. భయం మాత్రం పోలేదు, పోదు కూడా. ఇక్కడ శనివారం తెల్లవారే సరికి ఫోన్ చేసి అడుగుతాను: ఈ రోజు అంకె ఎంత? నాలుగంటే జనం వాళ్లంతట వాళ్లే ఆగుతారు, మూడు దగ్గరే చాలామంది పోయారు. ఏ వాలు మీద పోతున్నారు? తిరిగి పోదామని నోరు తెరిచి అనే మనిషి మీలో ఎవరు?