ఇంట్లోనే ఉంటారు కదా

2025 ఆగస్టు 18, సోమవారం

పొద్దుటి నుంచి ముసురు. బట్టలు హాల్లోనే ఆరేశాను. వాటి కింద అట్టపెట్టెలు. నాలుగు. ఒక్కటీ నాది కాదు. రెండు 402 వాళ్ళవి, ఒకటి 304ది. నాలుగోదాని మీద పేరు తడిసి అలుక్కుపోయింది.

బెల్లు ఐదుసార్లు మోగింది. ప్రతిసారీ అదే మాట. "మేడమ్, మీకు ఇచ్చి పొమ్మన్నారు."

నన్నెవరు అడిగారు?

లిఫ్టు ఆగిపోయి ఇరవై రోజులు. నాలుగంతస్తులు ఎక్కలేక ఆ డెలివరీ పిల్లలు మొదటి అంతస్తులో ఉన్న నా గుమ్మం చూసుకుంటున్నారు. వాళ్ళనేమంటాను. అనాల్సింది పైవాళ్ళని. ఎదురుపడితే కదా.

ఆగస్టు 21, గురువారం

అన్నం తిని అలా నడుం వాల్చానో లేదో బెల్లు. 304 పార్శిల్. ఓటీపీ కావాలట. అతను ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తదు. నేను చేస్తే కట్ చేసి, మీటింగ్‌లో ఉన్నానని మెసేజ్. పన్నెండు నిమిషాలు. గోడ గడియారం చూస్తూనే ఉన్నాను.

కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. హెల్మెట్ తీస్తే నుదుటి మీద ఎర్రటి చార. కుడిచేతి బొటనవేలి గోరు నల్లబడి ఉంది, తలుపులో పడి నలిగినట్టు. భుజం మీది సంచి దింపమంటే దింపడు. "దింపితే మళ్ళా ఎత్తుకునుడు కష్టమమ్మా" అన్నాడు. నీళ్ళిస్తే సంచితోనే నిలబడి తల వెనక్కి వంచి తాగాడు. చెంబు తిరిగి ఇచ్చేటప్పుడు అంచు చొక్కాతో తుడిచి ఇచ్చాడు.

ఎవరు నేర్పారో.

నిద్ర పోయింది. మళ్ళీ పట్టలేదు.

ఆగస్టు 23, శనివారం

402 అబ్బాయి రాత్రి 10.20కి వచ్చాడు పెట్టెల కోసం. ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాడు. రెండు పెట్టెలూ చంకలో పెట్టుకుని తల ఊపాడు. నాకో, ఫోన్లో ఉన్నవాళ్ళకో. మెట్లెక్కిపోయాడు.

కూర్చోమని అందామనుకున్నాను. మాట నోట్లోనే ఉండిపోయింది.

వచ్చి రెండేళ్ళయింది వాళ్ళు. అతని భార్య, ఆ అమ్మాయిని చూసి ఎన్నాళ్ళయిందో గుర్తు రావడం లేదు. బతుకమ్మకి చూశానా? పోయిన ఏడు?

ఆగస్టు 27, బుధవారం. చవితి

ఒక్క బెల్లూ లేదు. సెల్లార్‌లో వినాయకుడు. ఉండ్రాళ్ళు బాగా కుదిరాయి. తినేవాళ్ళు లేరు. వాచ్‌మన్ కూతురు నాలుగు తిని, ఏడో ఎక్కం అప్పజెప్పి పోయింది.

సెప్టెంబరు 2, మంగళవారం

చేతులు వణుకుతున్నాయి కోపంతో. రాసి అయినా దించుకుంటాను.

కంట్లో ప్రెషర్‌కి వేసుకునే చుక్కలు. మూడు నెలలకి సరిపడా తెప్పించుకున్నాను, తక్కువకి వస్తాయని. ఇవాళ వస్తాయన్నారు. పొద్దున్నుంచి గుమ్మం వైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. స్నానానికి కూడా గబగబా వెళ్ళొచ్చాను. నాలుగింటికి మెసేజ్: "డెలివరీ అయింది." ఎవరికి? ఎక్కడ?

ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. చివరికో మనిషి దొరికాడు. "103లో ఇచ్చాం మేడమ్, సంతకం కూడా ఉంది" అన్నాడు. 103 నేనే కదయ్యా అంటే లైన్ తెగిపోయింది.

ఊరందరి పెట్టెలూ నా హాల్లో ఉంటాయి. నాది ఒక్కటి నా గుమ్మానికి చేరదా?

సెప్టెంబరు 4, గురువారం

పక్క అపార్ట్‌మెంట్‌లోనూ 103 ఉందని ఇవాళ తట్టింది. వెళ్ళాను. తాళం. వాళ్ళు ఊరెళ్ళారనీ, ఎప్పుడొస్తారో తెలియదనీ ఆ వాచ్‌మన్ భార్య చెప్పింది. పార్శిల్ సంగతి తెలియదట.

మందుల షాపులో పూర్తి ధర ఇచ్చి ఒక సీసా కొన్నాను. రెండు రోజులు చుక్క పడలేదు కంట్లో. డాక్టరుకి చెప్పాలా?

సెప్టెంబరు 7, ఆదివారం. గ్రహణం

రాత్రి 9.57కి పట్టు, 1.26కి విడుపు. సాయంత్రమే తినేశాను. పాల గిన్నె మీద, ఆవకాయ జాడీ మీద, మంచినీళ్ళ బిందెలో గరిక వేశాను. నమ్మకమా అంటే చెప్పలేను. అమ్మ వేసేది.

ఏడున్నరకి తలుపు మీద చిన్నగా తట్టిన చప్పుడు. బెల్లు కాదు. ఎవరో పెద్దావిడ, చేతిలో చిన్న స్టీలు గిన్నె. "అక్కా, నాలుగు గరిక పోసలుంటే ఇస్తవా? కింద వాచ్‌మన్ చెప్పిండు, మీ కుండీల ఉంటదని." 402 అమ్మాయి తల్లి. కరీంనగర్ నుంచి మొన్న వచ్చిందట.

"పిల్లకు ఏడో నెల. డాక్టరు మెట్లు దిగొద్దన్నది. లిఫ్టేమో ఇట్లాయె. కూరగాయల కాడికెల్లి అన్నీ ఫోన్లనే తెప్పిచ్చుకుంటాంది."

గరిక తెంపుతుంటే చేతికి మట్టి అంటింది. కడుక్కోకుండానే ఇచ్చాను.

మబ్బు. చంద్రుడు కనపడలేదు. పైన నాలుగో అంతస్తులో కిటికీ తలుపులు ఒక్కొక్కటే వేస్తున్న చప్పుడు వినబడింది.

సెప్టెంబరు 8, సోమవారం

చెప్పొచ్చు కదా.

ఒక్క మాట. ఆంటీ, ఇలా ఉంది పరిస్థితి, కాస్త తీసుకోండి అని. నేనే పైకి పంపించేదాన్ని వాచ్‌మన్‌తో. కోపం పోలేదు. ఎవరి మీద నిలపాలో తెలియడం లేదు, అంతే.

నేనూ అడగలేదు కదా, అమ్మాయి కనపడటం లేదేమని.

సెప్టెంబరు 14, ఆదివారం

అసోసియేషన్ మీటింగ్. లిఫ్టు రోప్ మార్చాలి, ఇంటికింత వేసుకోవాలి. గంటన్నర వాదన. మొదటి అంతస్తు వాళ్ళం మేమెందుకివ్వాలి అన్నాడు 101. నేను ఇస్తానన్నాను.

తర్వాత నా మాట చెప్పాను. నా ఇంట్లో పార్శిల్ పెట్టించుకునేవాళ్ళు ముందుగా నాకు ఫోన్ చేసి చెప్పాలి. రెండు నుంచి నాలుగు మధ్య బెల్లు కొట్టకూడదు. అంతే. గొంతు పెంచలేదు.

304 ఆవిడ నవ్వుతూ, "మీరు ఇంట్లోనే ఉంటారు కదా మేడమ్" అంది.

ఆవిడ చెడ్డది కాదు. మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు. అయినా ఆ మాట ఇంటికి నాతోపాటు వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పాను. బస్సులు పట్టుకుని, చాక్‌పీసు పొడి పీలుస్తూ. ఇప్పుడు ఇంట్లో ఉంటున్నాను. ఇంట్లో ఉండటమంటే ఎవరికైనా అందుబాటులో ఉండటమా? నా మధ్యాహ్నం నాది కాదా?

సెప్టెంబరు 17, బుధవారం

మూడు రోజులుగా బెల్లు లేదు.

పెట్టెలన్నీ కింద వాచ్‌మన్ కుర్చీ పక్కన పడి ఉంటున్నాయి. జల్లు కొడితే తడుస్తున్నాయి. పొద్దున చూశాను, 402 పేరుతో ఒకటి, అట్ట మెత్తబడి ఓ మూల ఊడి ఉంది. తీసి పైన పెట్టనా? వాళ్ళు అడగలేదు. నేను పెట్టిన నియమమే.

వెనక్కి వచ్చేశాను. పది మెట్లెక్కి మళ్ళీ దిగాను. తీసి మీటర్ల గదిలో, తడవని చోట పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబరు 23, మంగళవారం

పండగ అమ్మకాలు మొదలయ్యాయట. ఒక్క పూటలో ఏడుగురు కుర్రాళ్ళు. ఆ నల్లగోరు అబ్బాయి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, సంచి పక్కన. దింపాడు ఇవాళ. "ఎనభై ఉన్నయమ్మా" అన్నాడు. అప్పుడు మధ్యాహ్నం మూడు. అన్నం తిన్నావా అంటే నవ్వాడు. గోరు ఊడిపోయింది, కింద కొత్తది పలుచగా, గులాబీ రంగులో వస్తోంది.

పెరుగన్నం కలిపి ఇచ్చాను. గిన్నె కడిగి ఇచ్చి వెళ్ళాడు.

సెప్టెంబరు 26, శుక్రవారం

తమ్ముడు సూర్యాపేటలో బస్సు కార్గోలో వేశాడట. గునుగు, తంగేడు, చేలో పెసలు, మరదలు కొట్టిన సత్తుపిండి. గునుగు ఎండినా ఫరవాలేదు. తంగేడు సద్దుల బతుకమ్మదాకా ఆగుతుందా? రేపు పొద్దున ఎంజీబీఎస్ బస్టాండుకి వెళ్ళి తెచ్చుకోవాలి.

వాన. మూసీలోకి జంట జలాశయాల గేట్లు ఎత్తారని టీవీలో.

సెప్టెంబరు 27, శనివారం

ఎంజీబీఎస్‌లోకి మూసీ వచ్చేసింది. రాత్రి ప్రయాణికులు అందులోనే చిక్కుకుపోయారు, బయటికి తెచ్చారు. మూసారాంబాగ్ వంతెన మూసేశారు. సూర్యాపేట వైపు బస్సులు ఎల్‌బీ నగర్ దగ్గరే ఆపేస్తున్నారు. మా పూలపెట్టె ఏ బస్సులో ఉందో, ఎక్కడ దించారో. మనుషుల ప్రాణాల మీదికి వచ్చిన రోజు నేను పూల సంగతి అడగడమేమిటని ఫోన్ చేయలేదు.

రేపు సెప్టెంబరు 28. 1908 వరదకి నూట పదిహేడేళ్ళు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారని ప్రతి ఏడూ క్లాసులో చెప్పేదాన్ని. వెనక బెంచీ పిల్లలు కూడా ఆ ఒక్క రోజు వినేవాళ్ళు.

సాయంత్రం మెట్ల దగ్గర 402 అబ్బాయి. చెవిలో ఏమీ లేదు. "ఆంటీ, మీ తమ్ముడుగారు ఏదో పంపారట కదా, వాచ్‌మన్ చెప్పాడు. రసీదు నంబర్ ఇవ్వండి, కనుక్కుంటాను." ఇచ్చాను. ఇంకేమీ మాట్లాడుకోలేదు.

సెప్టెంబరు 28, ఆదివారం

పొద్దున్నుంచి కిటికీ దగ్గరే ఉన్నాను. పన్నెండు. ఒంటిగంట. రాడులే అనుకున్నాను. అన్నం తిని పడుకున్నాను, నిద్రా పట్టింది.

నాలుగింటికి పాల ప్యాకెట్‌కని తలుపు తీస్తే గుమ్మం పక్కన పెట్టె. గోనె తాళ్ళు, తమ్ముడి చేతిరాత. అడుగున తడి ఆరిన మరక. ఫోన్ చూస్తే మెసేజ్, 2.35కి వచ్చింది. "దొరికింది ఆంటీ. రెండు నుంచి నాలుగు బెల్లు కొట్టొద్దన్నారు కదా, బయట పెట్టాను."

తంగేడు నల్లబడింది. గునుగు బాగుంది. సత్తుపిండి డబ్బా మూత మీద మరదలు బట్ట కట్టి, దాని మీద దారం చుట్టి, ఆ దారానికి మళ్ళీ ముడి. విప్పడానికి పది నిమిషాలు పట్టింది. పొడి పొడిగా ఉంది లోపల.

పెట్టె ముందు చాలాసేపు కూర్చున్నాను.

సెప్టెంబరు 30, మంగళవారం. సద్దుల బతుకమ్మ

గునుగుకి రంగులద్ది చిన్నదే పేర్చాను. కింద ఆడాం. ఎనిమిది మందిమే.

పెరుగన్నం, పులిహోర, సత్తుపిండి సర్దుకుని నాలుగో అంతస్తు ఎక్కాను. మోకాళ్ళు మొరాయించాయి. రెండో అంతస్తులో ఒకసారి, మూడో అంతస్తులో ఒకసారి ఆగాను. సంచి దింపితే ఎత్తుకోవడం కష్టమని ఆ అబ్బాయి ఎందుకన్నాడో తెలిసింది.

వాళ్ళింట్లోకి వెళ్ళడం ఇదే మొదలు. అమ్మాయి బాల్కనీలో కుర్చీ వేసుకుని కింద ఆట చూస్తోందట. కాళ్ళు వాచి ఉన్నాయి. "మీరు ఈసారి పాట మధ్యలో ఆపారు ఆంటీ" అంది. అవును, ఒక చరణం మర్చిపోయాను. అంత ఎత్తు నుంచి వినిపించిందా?

హాల్లో ఓ మూల పెట్టెలు. కొన్ని ఇంకా విప్పలేదు. కొంచెం ఓపిక వచ్చాక అన్నీ ఒకసారే విప్పుతుందట.

అక్టోబరు 9, గురువారం

లిఫ్టు నడుస్తోంది.

పక్క అపార్ట్‌మెంట్ 103 పెద్దావిడ వచ్చింది, ఓ చేత్తో గోడ పట్టుకుని. చెంగులో నా చుక్కల పెట్టె. టేపు కూడా తీయలేదు. ముప్ఫై ఏడు రోజులు. ఊరెళ్తూ దేవుడి అరలో పెట్టి వెళ్ళిందట, పోకుండా ఉంటుందని. "చదువు రాదమ్మా. పిలగాడు చేతిల పెట్టి, వేలు పెట్టి గీయమన్నడు. గీసిన. మావోళ్ళదే అనుకున్న." ఊరి నుంచి వచ్చాక మనవడు పేరు చదివి చెప్పాడట.

ఈ మనిషిని నేను నెల రోజులు ఎన్ని మాటలన్నానో ఈ పుస్తకానికి కూడా తెలియదు.

టీ తాగించి పంపాను. లిఫ్టు ఎక్కనంది. చేయి పట్టుకుని దింపాను.

అక్టోబరు 16, గురువారం

402 అమ్మాయిని పుట్టింటికి తీసుకెళ్ళారు. కారెక్కేముందు నా వైపు చూసి చేయి ఊపింది. వెళ్ళొస్తానంది.

అక్టోబరు 18, శనివారం

పొద్దున తొమ్మిదింటికి ఫోన్, కరీంనగర్ నుంచి. "ఆంటీ, ఇవాళ ఒకటి వస్తుంది. ఆయన ఆఫీసులో ఉంటారు. మీరు తీసుకుంటారా? మధ్యాహ్నం వస్తే వద్దులెండి, రేపు రమ్మంటాను."

తీసుకుంటానన్నాను. ఎప్పుడొచ్చినా ఫరవాలేదన్నాను. నాలుగంకెలు చెప్పింది. ఈ పుస్తకం అట్ట మీదే రాసుకున్నాను.

మూడున్నరకి వచ్చాడు. ఇచ్చి వెళ్ళాడు.