ఆగని చుక్క

మా అన్నయ్య మనవరాల్ని దింపడానికి ఆర్చరీ గ్రౌండుకి వెళ్లేవాణ్ణి. డ్రాయింగ్ మాస్టారుగా చేసినవాణ్ణి కదా, ముందు కంటబడింది రంగులే. 50 మీటర్ల దూరాన కాంపౌండ్ విల్లు వాళ్ల గురి పేపరులో నలుపు, తెలుపు ఉండవు. నీలం, ఎరుపు, నడుమ పసుపు. అందులో పది పాయింట్లు తెచ్చే వలయం అడ్డంగా 8 సెంటీమీటర్లే. వాడి పారేసిన పేపర్లు ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. పసుపంతా తూట్లుపడి పీచులు వేలాడుతుంటే నీలం కొత్తగా మెరుస్తుంటుంది. పిల్ల ఎంత బాగా వేస్తే కాగితం అంత తక్కువ చోట చిరుగుతుంది.

విల్లు లాగి నిలబడితే మనిషి కదలదు. విల్లుకి బిగించిన గురి లెన్సులో చుక్క కూడా అట్లాగే ఆగుతుందా అని ఓసారి అడిగాను.

"ఎక్కడాగుద్ది తాతయ్యా! తిరుగుతానే ఉంటది. ఆపుదామని చూశామా, చెయ్యి బిగుసుకుపోద్ది. దాన్నట్టా తిరగనిచ్చి, వీపుతో లాగుతా ఉండాలంతే."

ఇంటికొచ్చాక బొగ్గుముక్క చేతికిచ్చి, కళ్లు మూసుకుని ఆ తిరుగుడు గియ్యమన్నాను. ముందు వదులు చుట్లు, తర్వాత చిన్నవి, చివరికో నల్లటి ముడి. చెయ్యి చటుక్కున లేచింది. "వదిలేశా" అంది.

అది చూస్తే చిత్రకారుడు నికొలా ద స్టాల్ గుర్తొచ్చాడు. 1952లో పారిస్‌లో అతను ఫ్లడ్‌లైట్ల కింద ఫ్రాన్స్–స్వీడన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూసొచ్చి ఆటగాళ్లని రంగు దిమ్మెలుగా పరిచాడు. గొప్ప బొమ్మలే. అయినా అది గ్యాలరీలో కూర్చున్నవాడి చూపు. ఈ బొగ్గు గీత విల్లు పట్టినదాని లోపలిది.

2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల కాంపౌండ్ ఆర్చరీ ఫైనల్లో మన బెజవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ, కొరియాకి చెందిన సో చేవాన్‌ని 149–145తో ఓడించింది. అక్కడ ఆమెకది మూడో స్వర్ణం. 15 బాణాల్లో 14 పదులు, ఒక్క తొమ్మిది. ఇంట్లో అందరూ పదులు చెప్పుకుని మురిసిపోతుంటే నా మనసు ఆ తొమ్మిది దగ్గరే ఆగింది. అప్పుడు చుక్క ఎటు జారి ఉంటుంది?

పెద్ద కాన్వాసు మీద 14 నల్ల ముడులు, విడిపోయినదొకటి వేశాను. చూసినవాళ్లు "బాగుంది, ఇంతకీ ఏంటది మాస్టారూ?" అనేవాళ్లు. మా పిల్ల ఏమీ అడగలేదు. విడిపోయిన ముడి మీద వేలుపెట్టి, "ఇది గాలికి పోయింది కాదు తాతయ్యా, భుజం లేచింది" అంది.