ముందు తల కొలత, తర్వాత దారం, ఆఖరున సూది



చలి మొదలైందంటే మన సంఘం గ్రూపులో ఒకే ప్రశ్న పదేపదే వస్తుంది. ఊలు అల్లడం నేర్చుకోవాలని ఉంది, ఏ సూదులు కొనాలి, ఏ దారం కొనాలి అని. చిక్కబళ్ళాపురం వాళ్లు అడుగుతారు, చింతామణి వాళ్లు అడుగుతారు, చలి అంతగా తెలియని బాగేపల్లి వాళ్లూ అడుగుతారు. ఒక్కొక్కరికి విడిగా రాసే బదులు, ఆదివారం సాయంత్రాలు సంఘం గదిలో కూర్చుని అల్లుకునే మేము తెలుసుకున్నదంతా ఒకచోట పెడుతున్నాం. పొడుగైన పోస్టే. కాఫీ పెట్టుకుని తీరిగ్గా చదవండి.

అంగడికి వెళ్లినవాళ్లు మామూలుగా ముందు సూదులు అడుగుతారు. తర్వాత కంటికి నచ్చిన రంగు ఊలు తీసుకుంటారు. ఇంటికి వచ్చాక దీంతో ఏం అల్లుదాం, ఎవరికి అల్లుదాం అని ఆలోచిస్తారు. ఫోనులో తెప్పించుకునేవాళ్ల సంగతి ఇంకా విచిత్రం. మాకు తెలిసిన ఒకామెకు వచ్చిన పెట్టెలో రంగురంగుల కొక్కేలు, గుండీలు, కత్తెర, అన్నీ ఉన్నాయి. అల్లే సూదుల జత మాత్రం లేదు. పెట్టె మీద అల్లిక అనే రాసి ఉంది, లోపల ఉన్నది క్రోషే సామాను. క్రోషే వేరు. అది ఒక్క కొక్కెంతో చేసే పని. గోదావరి జిల్లాలో నరసాపురం లేసు అలా చేసేదే, దానికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మేము చెప్పేది రెండు సూదులతో అల్లే అల్లిక గురించి.

మా వరస తలకిందులుగా ఉంటుంది. ముందు ఎవరికి అల్లుతున్నామో వాళ్ల కొలత. ఆ కొలతకు, ఆ ఒంటికి తగిన దారం. ఆ దారానికి తగిన సూది. ఎందుకు ఇంత పట్టుదల అంటే ఒక సంగతి చెప్పాలి.

పోయిన ఏడు మార్గశిరంలో మాలో ఒక అక్కయ్య కూతురికి నెలలు నిండకుండానే కాన్పు అయింది. బిడ్డ కిలో ఎనిమిది వందల గ్రాములు. ఆసుపత్రిలో బిడ్డను తల్లి ఎద మీద, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టారు. కంగారూ మదర్ కేర్ అంటారు దాన్ని. బిడ్డ ఒంటి మీద డైపరు, కాళ్లకు సాక్సులు, తలకు టోపీ, అంతే. పసిబిడ్డకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, ఒంట్లో వేడి తల మీదుగా చాలా పోతుంది. అందుకే టోపీ అక్కడ ముద్దుకు పెట్టేది కాదు, వైద్యంలో భాగం. అల్లుడు పరుగున పోయి ఒక అంగడిలో ఊలు టోపీ తెచ్చాడు. పైన బొచ్చు బంతి, కింద రిబ్బను. పెట్టగానే బిడ్డ కళ్ల మీదికి జారింది. నర్సమ్మ తీసి చేతికి ఇచ్చేసింది. "బంతి వద్దమ్మా, రిబ్బను వద్దు, గుండీ వద్దు. రోజూ ఉతకాలి, మర్నాటికి ఆరాలి. తలను పట్టుకుని ఉండాలి గానీ నుదుటి మీద గీత పడకూడదు" అంది. అక్కయ్య టేపుతో తల కొలిచి చీటీ మీద రాసుకొచ్చింది. 29 సెంటీమీటర్లు. నెలలు నిండిన బిడ్డకైతే 35కు కాస్త అటూ ఇటూ ఉంటుంది.

ఆ చీటీ పెట్టుకుని దారం వెతికాం. మన చుట్టుపక్కల ఏమేం దొరుకుతాయో ఒక్కొక్కటే చూద్దాం.

గొర్రె ఉన్ని అంటే మనకు ముందు గుర్తొచ్చేది కురుబల కంబళి. చింతపిక్కల గంజి పట్టించి నేసిన కంబళి వానకూ చలికీ తిరుగులేనిది. కానీ దక్కనీ గొర్రె ఉన్ని మోటు, పసి చర్మానికి గుచ్చుకుంటుంది. మెరినో గొర్రె ఉన్ని మెత్తగా ఉంటుంది, ఖరీదు ఎక్కువ. పైగా మామూలు ఉన్నిని వేడినీళ్లలో వేసి రుద్దితే పోగులు ఒకదానికొకటి చిక్కుకుని ముడుచుకుపోతుంది. రోజూ ఉతికేదానికి కుదరదు.

పట్టు మన జిల్లా సొత్తు. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టు తెలియనివాళ్లు మనలో లేరు. ఒక్క గూటి నుంచి వందల మీటర్ల పోగు వస్తుంది. అయితే పట్టుకు సాగి వెనక్కి వచ్చే గుణం తక్కువ. పట్టుతో అల్లిన టోపీ రెండు రోజులకే వదులైపోతుంది. శాలువాకు బాగుంటుంది, టోపీకి కాదు.

నూలు దారం మెత్తన, గాలి ఆడుతుంది, ఎన్ని ఉతుకులైనా తట్టుకుంటుంది. బాగేపల్లి ఎండకు అదే మేలు. దానికీ సాగే గుణం తక్కువే, అందుకని అంచును రెండు నిట్ రెండు పర్ల్ చొప్పున పట్టీలా అల్లితే కాస్త పట్టు వస్తుంది. తడిస్తే బరువెక్కుతుంది, చలిరోజుల్లో ఆరడం ఆలస్యం.

ఇక అక్రిలిక్. మన అంగళ్లలో ఊలు పేరుతో అమ్మేది ఎక్కువగా ఇదే. ఇందులో గొర్రెది ఒక్క పోగూ ఉండదు. తేలిక, చవక, సాగుతుంది, రాత్రి ఉతికి ఆరేస్తే పొద్దునకు సిద్ధం. చంటిపిల్లల కోసమని మెత్తగా చేసినది విడిగా వస్తుంది, చెంపకు రాసుకుని చూసి కొనాలి. దీనికి ఉన్న పెద్ద చిక్కు నిప్పు. వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది. మన ఇళ్లలో బిడ్డకు నీళ్లు పోసి సాంబ్రాణి పొగ వేస్తాం కదా, ఆ నిప్పుల దగ్గరికి అక్రిలిక్ టోపీతో బిడ్డను ఎప్పుడూ తీసుకెళ్లకండి. ఇస్త్రీ కూడా వద్దు.

ఆసుపత్రి వార్డుకు, డిసెంబరు చలికి, రోజూ ఉతుక్కు అని లెక్క వేసుకుని మెత్తని అక్రిలిక్, నాలుగు పోగుల సన్న దారం తీసుకున్నాం. ఇంటికి వచ్చాక వాడడానికి నూలు. అదే బిడ్డ ఎండాకాలంలో బాగేపల్లిలో పుట్టి ఉంటే మొదటినుంచీ నూలే అనేవాళ్లం. మంచి దారం ఏది అని అడిగితే ఒక్క జవాబు రాకపోవడానికి కారణం ఇదే.

దారం చుట్టిన కాగితం మీద లాటు నంబరు ఉంటుంది. ఒకే రంగు అయినా వేరే లాటులో అద్దిన దారం కాస్త తేడాగా కనిపిస్తుంది. పెద్ద స్వెటరు అల్లేవాళ్లు మొత్తం దారం ఒకే లాటులో ఒకేసారి కొనాలి. పాత అట్ట టికెట్ల మీద వరస నంబరు చూడకుండా టికెట్టు ఇవ్వని కౌంటర్లో పనిచేసినవాళ్లం, మాకు ఈ అలవాటు సులువుగానే వచ్చింది. పసిబిడ్డ టోపీకి ఇరవై ఇరవై అయిదు గ్రాములు చాలు, వంద గ్రాముల ఉండలో నాలుగు వస్తాయి.

ఇప్పుడు సూది. అంగట్లో 'పది నంబరు ఇవ్వండి' అంటే సరిపోదు. నంబర్ల పద్ధతులు రెండున్నాయి. మన దేశంలో చాలాకాలం నడిచింది ఇంగ్లండు పద్ధతి. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఇది ఇనుప తీగల గేజీ నుంచి వచ్చింది. తీగను రంధ్రాల్లోంచి లాగినకొద్దీ సన్నబడుతుంది కదా, నంబరూ పెరుగుతుంది. సైకిలు అంగడిలో 14 నంబరు పుల్ల రెండు మిల్లీమీటర్లు, 14 నంబరు అల్లిక సూదీ రెండు మిల్లీమీటర్లే. వెనకటి ఆడవాళ్లు సైకిలు పుల్లలు అరగదీసి అల్లుకునేవాళ్లంటే అందులో కొలత ఉంది. అమెరికా పద్ధతిలో మాత్రం నంబరు పెరిగితే సూది లావవుతుంది. ఇంగ్లండు 8 అంటే 4 మిల్లీమీటర్లు, అమెరికా 8 అంటే 5 మిల్లీమీటర్లు. ఫోనులో అమెరికా ఆమె వీడియో చూసి, చింతామణి అంగట్లో 8 నంబరు కొంటే ఆమె టోపీ, మన టోపీ ఒకటి కావు. అందుకే నంబరు వదిలేసి మిల్లీమీటర్లు అడగండి. ఇప్పటి సూదుల మీద అదీ ముద్రించి ఉంటుంది. ఇంట్లో పాత సూదుల మీద చెరిగిపోతే రంధ్రాల కొలత పలక ఒకటి కొనండి, ఖరీదు పెద్దగా ఉండదు.

గేజీ అనగానే మాకు రైలు గుర్తు రాకుండా ఉండదు. యలహంక నుంచి చిక్కబళ్ళాపురానికి వచ్చిన పాత చిన్న రైలు పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు. ఇప్పుడు చింతామణి మీదుగా కోలారుకు పోయే బ్రాడ్‌గేజీ 1676. ఒకదాని బండి ఇంకోదాని మీద నడవదు. అల్లికలోనూ గేజీ ఉంది. పది సెంటీమీటర్ల వెడల్పులో ఎన్ని కుట్లు పడుతున్నాయన్నదే అది. నాలుగు పోగుల దారం, 3.25 మిల్లీమీటర్ల సూదితో మామూలు చేతికి 28 కుట్లు వస్తాయి. అక్కయ్య లెక్క చూడండి. తల 29 సెంటీమీటర్లు. టోపీ సాగి పట్టుకోవాలి కాబట్టి 26కు అల్లాలి. 26కు 72 కుట్లు. అదే చెయ్యి వదులుగా ఉండి పదికి 24 కుట్లే పడితే ఆ 72 కుట్ల టోపీ 30 సెంటీమీటర్లు అవుతుంది, తలకన్నా పెద్దది, కళ్ల మీదికి జారుతుంది. చెయ్యి బిగువై 32 పడితే 22న్నర అవుతుంది, నుదుటి మీద గీత పడుతుంది. దారం అదే, సూది అదే, కుట్లూ అవే. అందుకే ముందు అరచేతి వెడల్పు ముక్క ఒకటి అల్లి టేపు పెట్టి చూడాలి. కుట్లు తక్కువ పడితే ఒక సైజు సన్న సూది, ఎక్కువ పడితే ఒక సైజు లావు సూది. చెయ్యి మార్చుకోనక్కర్లేదు, సూది మార్చుకుంటే చాలు. అసలు సూది ఎంపిక అంటే ఇదే.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు 4 మిల్లీమీటర్ల జత, కాస్త లావు దారం, లేత రంగు. నల్ల దారంలో కుట్టు కనపడదు, ముఖ్యంగా మన వయసు కళ్లకు. అల్యూమినియం సూది మీద కుట్టు జారుతుంది, చెయ్యి తిరిగినవాళ్లకు వేగం వస్తుంది. వెదురు సూది కుట్టును పట్టుకుంటుంది, చల్లగా తగలదు, కీళ్ల నొప్పులున్న వేళ్లకు హాయి. పెద్దవి అల్లేటప్పుడు రెండు సూదుల మధ్య తీగ ఉండే గుండ్రటి సూది తీసుకుంటే బరువంతా ఒడిలో పడుతుంది, మణికట్టు మీద పడదు.

అంగళ్లలో కనిపించే పోనీ గుర్తు సూదులు ఎక్కడివో తెలుసా? నీలగిరిలో కేత్తి దగ్గర 1949లో మొదలైన నీడిల్ ఇండస్ట్రీస్ వాళ్లవి. ఊటీ కొండరైలు దారిలో కేత్తి స్టేషను ఉంది, ఆ పట్టాల మధ్య దూరం సరిగ్గా 1000 మిల్లీమీటర్లు. ఆ కంపెనీ వాటాల తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1981 నాటి ఆ తీర్పును కంపెనీ చట్టం చదివేవాళ్లు ఇప్పటికీ చదువుతారు. సూది చిన్నదే, కథ పెద్దది.

మిగతా సామాను ఇంట్లోనే ఉంటుంది. టేపు, కత్తెర, నాలుగు పిన్నీసులు. కొసలు లోపలికి దూర్చడానికి మొన మొద్దుగా, కన్ను పెద్దగా ఉన్న సూది ఒకటి కొనాలి. దబ్బనం వాడకండి, మొన దారాన్ని చీలుస్తుంది. వరసలు లెక్కపెట్టే యంత్రం అక్కర్లేదు. రెండు గిన్నెలు, గుప్పెడు చింతపిక్కలు. వరస అయినప్పుడల్లా ఒక పిక్క ఇటునుంచి అటు.

అక్కయ్య రెండు సాయంత్రాల్లో టోపీ ముగించింది. పసిబిడ్డ తల వారంవారం పెరుగుతుందని నర్సమ్మ చెప్పడంతో 28కి ఒకటి, 30కి ఒకటి కూడా అల్లి పెట్టుకుంది. మూడూ వరసగా పనికొచ్చాయి. ఇంటికి వచ్చాక నిద్రలో టోపీ ఉంచాలా తీయాలా అన్నది డాక్టరును అడిగే చేయాలి. బిడ్డకు చలి ఎంత చేటో ఉక్కా అంతే.

టోపీని తెలుగులో కుళ్లాయి అంటాం. బడిలో తమిళం చదివిన మాకు అది కుల్లాయ్, ఇక్కడ కన్నడంలో పసిపిల్లలది కులావి. మూడు భాషలకూ ఒకటే మాట, ఒకటే తల.

ఈ చలికి సంఘం తరఫున తక్కువ బరువుతో పుట్టే బిడ్డలకు టోపీలు అల్లి ఇద్దామనుకుంటున్నాం. ఏ వార్డుకు ఇచ్చినా ముందు అక్కడి నర్సులను అడిగి, వాళ్లు చెప్పిన దారం, వాళ్లు చెప్పిన కొలతలకే. కలిసేవాళ్లు ఆదివారం నాలుగింటికి రండి. వచ్చేటప్పుడు ఏమీ కొనుక్కు రాకండి. కొలతలు వచ్చాక అందరం కలిసి వెళ్లి కొందాం.