బంతి ఎవరిది?

రాజకీయాల మీద, సినిమాల మీద వాదన రాని ఇల్లు లేదు గాని, ఫుట్‌బాల్ మీద వాదన వచ్చే తెలుగు ఇళ్ళు బహు తక్కువ. ఆ తక్కువలో మాది ఒకటి. మేముండేది మచ్చ బొల్లారంలో. ఇటు ఆల్వాలు, అటు బొల్లారం రైల్వేస్టేషను, ఆ పక్కంతా కంటోన్మెంటు. పల్టనులు దిగిన చోటల్లా రెండు మిగిలిపోతాయి: ఒకటి చర్చి, రెండోది ఫుట్‌బాల్. అంచేత మా వైపు మనుషులకు ఈ ఆట పిచ్చి కొంచెం ఎక్కువే.

వాదన ఏమిటంటారా? మైదానం నడిమధ్యన ఆడేవాడి సంగతి. వెనక కాపు కాసేవాళ్ళకూ ముందు గోలు కొట్టేవాళ్ళకూ నడుమ వుంటాడు చూడండి, వాడు. బంతి చిక్కగానే ఇద్దరు ముగ్గురిని గిరికీలు కొట్టించి తన ప్రజ్ఞ చూపించాలా? లేక తాకీ తాకకముందే పక్కవాడికి అందించి, తను ఖాళీ చోటికి పరుగెత్తాలా?

మా బావమరిది మొదటి పక్షం. "టిక్కెట్టు కొనుక్కుని వచ్చేది లెక్కల పాఠం చూడ్డానికా బావా? మారడోనా ఏం చేశాడు? 1986లో ఇంగ్లండు మీద సగం మైదానం నుంచి ఒక్కడే దూసుకుపోయి గోలు వేశాడు. అప్పుడు పక్కవాడికి ఇచ్చివుంటే ఈనాడు మనం చెప్పుకునేవాళ్ళమా?" అంటాడు.

పక్కింటి రిటైర్డు సుబేదారుగారిది రెండో పక్షం. "సారూ, పల్టన్ల ఒక్కడు ముందుకు ఉరికితే వాన్ని బహద్దూర్ అనరు, బేవకూఫ్ అంటరు," అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

ఇన్నాళ్ళూ ఇది కాఫీతో మొదలై కాఫీతో ముగిసే వాదన. ఈ మధ్య మాత్రం మా ఇంట్లోకే వచ్చి కూర్చుంది. మా అబ్బాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. వాడు ఆడేది ఆ నడిమి స్థానంలోనే. వాళ్ళ శిక్షకుడు వరసగా మూడు ఆటల్లో వాణ్ణి బెంచీమీద కూర్చోబెట్టాడు. కారణం, బంతి చిక్కితే వదలడట. "నాకొచ్చిందే అది నాన్నా. అది వద్దంటే ఇంక ఆడ్డమెందుకు? మానేస్తాను," అన్నాడు వాడు. మా ఆవిడ, "మానేస్తే మార్కులన్నా వస్తాయి," అంది. ఆ మాటతో వాడు అన్నం సగంలో వదిలి లేచిపోయాడు.

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఫుట్‌బాల్ తీర్పు చెప్పే అర్హత ఏముంది అంటారేమో. అర్హత నాది కాదు, మా హైదరాబాదుది. ఈ వాదనను మాటలతో కాక ఆటతో తేల్చినవాడు మా నగరంలోనే పుట్టాడు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తి చేత బడిపంతులు. 2024లో "మైదాన్" అనే హిందీ సినిమా వచ్చేదాకా ఆయన పేరు మన పిల్లలకు తెలియదు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్ది, 1950 మొదలు 1954 దాకా వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిపించిన మనిషి. ఆ జట్టు ఆటను చిన్నతనంలో ఫతే మైదానంలో చూశానని మా నాన్నగారు చెప్పేవారు. "బంతి కాళ్ళ దగ్గర ఆగేది కాదురా, వేడి పెనం మీద నీటిబొట్టులా వుండేది," అనేవారు.

రహీంగారి పద్ధతి విచిత్రం. డ్రిబ్లింగు నిషేధించి ప్రత్యేకంగా పోటీలు పెట్టేవాడు. అంటే బంతితో ఎవరినీ తప్పించుకు పోకూడదు, అందుకున్నవాడు అందించాల్సిందే. బలం లేని రెండో కాలితోనే ఆడాలని ఇంకొక పోటీ. ఇది వినగానే సుబేదారుగారు, "చూసిన్రా!" అని మీసం దువ్వారు. తొందరపడకండి, కథ ఇంకా వుంది.

అదే రహీంగారు 1962లో జకార్తా ఆసియా క్రీడలకు భారత జట్టును తీసుకువెళ్ళాడు. నాయకుడు చునీ గోస్వామి. డ్రిబ్లింగుకు దేశంలోనే పేరుమోసినవాడు! డ్రిబ్లింగు మీద అంత కత్తి కట్టిన గురువైతే అతణ్ణి బెంచీమీద కూర్చోబెట్టాలి గదా? కూర్చోబెట్టలేదు. అతనికి తోడు రెక్క మీద పి. కె. బెనర్జీ, ఇంకొక పక్క మన తులసీదాస్ బలరాం. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. మళ్ళీ సెప్టెంబరు 4న ఫైనలులో అదే కొరియా మీద 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. గోళ్ళు వేసినవాళ్ళు పి. కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. ఈ జర్నైల్ సింగ్ అసలు వెనక కాపు కాసేవాడు. తలకు దెబ్బతగిలి కుట్లు పడితే, రహీంగారు అతన్ని ముందుకు పంపి ఆడించారు. అప్పటికే ఆ గురువును క్యాన్సరు తినేస్తోంది. 1963 జూన్‌లో కన్నుమూశారు.

అంటే రహీంగారు నిషేధించింది అభ్యాసంలో. ఆటలో కాదు. పిల్లవాడికి మొదట ఛందస్సు నేర్పుతాం. గణాలు తప్పితే చెవి మెలిపెడతాం. ఛందస్సు ఒంటబట్టాక వాడి గొంతు వాడిది. అందించడం ఒంటబట్టనివాడు తప్పించుకుపోతే అది మొండితనం. ఒంటబట్టినవాడు తప్పించుకుపోతే అది నిర్ణయం. చూసేవాడికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి, అదే చిక్కు.

ఆలోచిస్తే ఇందులో లెక్క కూడా వుంది. మనిషి ఎంత పరుగెత్తినా బంతి అంతకంటే వేగం. కనక అందించుకుంటూ పోవడమే దగ్గర దారి. కాని అవతలివాళ్ళు పదిమందీ కోటగోడలా నిలబడితే, ఎంత అందించుకున్నా బంతి గోడ చుట్టూ తిరుగుతుందే గాని లోపలికి పోదు. అప్పుడు ఒకడు ధైర్యం చేసి బంతితో ఎదురు వెళ్ళాలి. వాణ్ణి ఆపడానికి ఇద్దరు కదులుతారు. ఆ కదిలినచోట సందు పడుతుంది, మనవాడొకడు ఖాళీ అవుతాడు. సరిగ్గా ఆ క్షణంలో బంతి వదలాలి. అరక్షణం ముందైతే సందు పడదు, అరక్షణం దాటితే మూసుకుపోతుంది. ప్రజ్ఞంతా అక్కడ వుంది. బుర్రకథలో కథకుడు ఒక్కడే గదా అని వంతలు పాడే ఇద్దరినీ తీసేస్తే ఏమవుతుంది? కథకుడు ఊపిరి తీసుకునే చోటు లేక పది నిమిషాల్లో చతికిలబడతాడు.

బలరాంగారి మాట చెప్పకపోతే మా వైపువాణ్ణి అనిపించుకోను. ఆయన పుట్టింది అమ్ముగూడలో, మాకు కూతవేటు దూరం అనుకోండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న జట్టులో వున్నారు. 1960లో రోములో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోలు వేశారు. ఎడమ రెక్క మీద ఆడమన్నా, లోపలికి వచ్చి ఆడమన్నా, ముందుండి కొట్టమన్నా సరేనన్న మనిషి. ప్రజ్ఞ వుండీ దాన్ని జట్టుకు ఎక్కడ కావాలంటే అక్కడ పరిచినవాడు. జబ్బు చేసి 1963లోనే ఆట మానుకోవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో పోయారు. ఆ మర్నాడు మా వీధిలో ఫుట్‌బాలు పట్టుకు తిరిగే పిల్లల్ని అడిగితే, ఒక్కడూ ఆయన పేరు వినలేదు.

ఇప్పుడు మా వైపు మైదానాలు కరిగిపోతున్నాయి. అపార్టుమెంట్ల నడుమ వల కట్టి, పచ్చ తివాచీ పరిచి, గంటకింత అని అద్దెకిస్తున్నారు. గంటకు డబ్బు కట్టినవాడు బంతి పక్కవాడికి ఇస్తాడా? పిల్లల్ని అని లాభంలేదు. ఇవ్వడానికి ఓపిక కావాలి, ఓపికకు మైదానం కావాలి.

మా అబ్బాయికి ఇదంతా ఉపన్యాసంలా చెప్పలేదు లెండి. ఒక్కటే అన్నాను. "నీకొచ్చింది వదులుకోమని నేనూ అనను. మీ సారు నిన్ను దండిస్తున్నాడనుకోకు, రహీంగారి పోటీలో వున్నాననుకో. ఒక నెల ఎవర్నీ తప్పించకుండా ఆడు. ఆ తరవాత కూడా మానాలనిపిస్తే మాను."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. "నెలంటే ముప్ఫై రోజులా, నాలుగు ఆటలా?" అన్నాడు చివరికి.

బేరం మొదలైందంటే ఆశ వున్నట్టే. మా బావమరిదికి ఈ ఏర్పాటు నచ్చలేదు. సుబేదారుగారికి నెల చాలదట, ఏడాది కావాలట. ఇద్దరికీ సగం సగం కోపం వచ్చింది కనక, తీర్పు సబబుగానే వుందనుకుంటున్నాను.