మరనెల్లో: ఎఱ్ఱని రథముల పుట్టినిల్లు

ఇటలీ యనగనే మనకు రోము నగరపు శిథిలములును, వెనిసు నగరపు నీటివీథులును, ఫ్లారెన్సు నగరపు చిత్రశాలలును జ్ఞప్తికి వచ్చును. ఇవిగాక యా దేశమున మఱియొక యాత్రాస్థలము గలదు. అచ్చటికి బోవువారు దేవాలయములను జూడ బోరు. కోటలను జూడ బోరు. పందెములలో పరుగిడిన ఎఱ్ఱని మోటారుబండ్లను జూచుటకై దేశదేశముల జనులు అచ్చటికి బోవుచుందురు. ఆ యూరి పేరు మరనెల్లో.

ఉత్తర ఇటలీయందు మోడెనా నగరమునకు దక్షిణముగా, అపెన్నైను కొండల పాదమున ఈ యూరున్నది. ఇరుప్రక్కల ద్రాక్షతోటలును, పైరుపొలములును గానవచ్చును. ఈ సీమ వంటకములకు బేరొందినది. కాచిన ద్రాక్షరసమును కొయ్యపీపాలలో బోసి, పండ్రెండేండ్లు, ఇరువదియైదేండ్లు నిలువయుంచి, చిక్కని తీపిపులుసు చేయుదురు. ఇంట నాడుబిడ్డ పుట్టినప్పుడు పీపాల వరుసను మొదలిడి, పెండ్లినాటికి ఆమెకు అరణముగా నిచ్చుట పూర్వాచారము. ఇంతటి యోరిమి గల సీమలోనే నిమేషమాత్రమైన నోర్వలేని యీ పందెపుబండ్లు పుట్టుట వింతగదా!

ఈ బండ్లకు బేరిడిన ఎంజో ఫెరారి 1898లో మోడెనాలో జన్మించెను. తండ్రికి లోహపుపనుల కర్మాగార ముండెడిది. 1916లో తండ్రియు, అన్నయు ఒకరి వెనుక నొకరు మరణించిరి. మొదటి ప్రపంచయుద్ధమున ఎంజో సైన్యములో చేరి కంచరగాడిదలకు లాడములు కొట్టెను. యుద్ధానంతరము ఆల్ఫా రోమియో కంపెనీవారి బండ్లను పందెములలో నడిపెను. 1929లో మోడెనాలో తన సొంత పందెపుజట్టును నెలకొల్పి దానికి స్కుదేరియా ఫెరారి యని పేరిడెను. స్కుదేరియా యనగా గుఱ్ఱపుశాల. ఆ శాలలో మొదట నుండినవి ఆల్ఫా రోమియో బండ్లే.

ఫెరారి బండ్లపై పసుపుపచ్చని పలకమీద ముందుకాళ్లెత్తిన నల్లని గుఱ్ఱపు గుఱుతు గలదు. దాని కథ స్త్రీలమైన మన మెఱుగదగినది. ఫ్రాంచెస్కో బరక్కా యను ఇటాలియను వైమానికవీరుడు తన విమానముపై నీ గుఱ్ఱమును జిత్రింపించుకొనెను. అతడు 1918లో యుద్ధమున గూలెను. 1923లో రావెన్నా చెంత నొక పందెము గెలిచిన ఎంజోకు ఆ వీరుని తలిదండ్రుల పరిచయమైనది. తల్లియైన పౌలీనా, తన కుమారుని గుఱ్ఱమును నీ బండ్లపై నుంచుకొనుము, నీకు శుభమగునని చెప్పెనట. 1932 మొదలుకొని ఆ గుఱ్ఱము అతని బండ్లపై నిలిచినది. పసుపు మోడెనా నగరపు వర్ణము. కావున లోకమంతట గర్వచిహ్నముగా జూడబడు నీ గుఱుతు మొదట బిడ్డను గోల్పోయిన యొక తల్లి యిచ్చిన కానుక.

ఆల్ఫా రోమియోతో తెగతెంపులైన పిమ్మట ఎంజో తన కర్మాగారమును 1943లో మరనెల్లోకు దరలించెను. 1944లో దానిపై బాంబులు పడినవి. దానిని మరల గట్టి, 1947 మార్చి 12వ తేదీన, పండ్రెండు సిలిండరుల ఇంజను గల మొదటి ఫెరారి బండిని ఆ ద్వారమునుండి వీథికి దెచ్చిరి. మఱుసటి యేడు టూరిను నగరమున జరిగిన ఇటలీ గ్రాండు ప్రీ పందెమున ఫెరారి బండి మూడవదై వచ్చెను. ఆ కాలమున ఒక్కొక్క దేశపు బండ్లకు ఒక్కొక్క రంగు నియమింపబడియుండెను: ఇంగ్లండుకు పచ్చన, ఫ్రాన్సుకు నీలము, ఇటలీకి ఎఱుపు.

1950లో ప్రపంచ చాంపియను పోటీలు మొదలైనవి. వానిలో మొదటినుండి నేటివఱకు విడువక పాల్గొనుచున్న జట్టు ఫెరారి యొక్కటే. 1951 జూలైలో ఇంగ్లండునందలి సిల్వర్‌స్టోనున, ఆర్జెంటీనా దేశీయుడగు గొంజాలెజు ఫెరారి బండిపై ఆల్ఫా రోమియోలను మొదటిసారి ఓడించెను. తనను బెంచిన కంపెనీని తానే యోడించినందుకు, కన్నతల్లిని జంపినట్లు దోచెనని ఎంజో తరువాత వ్రాసికొనెను.

1952, 1953 సంవత్సరములలో నాలుగు సిలిండరుల చిన్నబండితో ఆల్బెర్తో అస్కారి చాంపియను పదవిని రెండుసారులు గెలిచెను. ఇతని తండ్రియు సారథియే. 1925లో ఫ్రాన్సున బందెమునందే మరణించెను. ఆల్బెర్తో 1955లో మోంజా పథమున బండిని బరీక్షించుచు మరణించెను. ఇరువురికిని ఆనాటికి వయస్సు ముప్పదియాఱే. అతని భార్యయు, ఇద్దఱు బిడ్డలును మిగిలిరి.

పుత్రశోకము ఎంజో యింటినిగూడ విడువలేదు. అతని కుమారుడు డీనో కండరముల క్షయవ్యాధిచే 1956 జూన్‌లో ఇరువదినాలుగవ యేట మరణించెను. ఆఱు సిలిండరుల నూతన ఇంజనుకు తండ్రి ఆ బిడ్డపేరే పెట్టెను. ఆ డీనో బండితోనే 1958లో మైక్ హాథార్ను చాంపియను అయ్యెను. కాని యా యేడే అదే జట్టు సారథులగు ముస్సో, కాలిన్సు లిద్దఱును బందెములలో మరణించిరి. హాథార్ను పందెములు మాని, 1959 జనవరిలో రహదారి ప్రమాదమున బోయెను. అంతకు ముందు 1957లో మిల్లే మిల్యా యను రహదారి పందెమున ఫెరారి బండి యొకటి జనులపైకి దూసికొనిపోగా, చూడవచ్చినవారిలో తొమ్మండ్రు మరణించిరి. వారిలో ఐదుగురు పసిబిడ్డలు. ఎంజోపై నేరవిచారణ జరిగెను. 1961లో గాని నిర్దోషియని తీర్పు రాలేదు. తన బిడ్డలను దానే మ్రింగిన సాటర్ను దేవతతో నతనిని వాటికను నగరపు పత్రిక పోల్చెను.

1961లో సొరచేప మూతివంటి ముక్కు గల బండ్లు వచ్చినవి. వానిపై అమెరికా దేశీయుడగు ఫిల్ హిల్ చాంపియను అయ్యెను. అయితే ఏ మోంజా పందెమున నా పదవి నిశ్చయమయ్యెనో, ఆ పందెమునందే అతని జట్టువాడగు ఫాన్ ట్రిప్సును, పలువురు ప్రేక్షకులును మరణించిరి. ఆ కాలపు సొరముక్కు బండి నేడొక్కటియు మిగిలి యుండలేదు. అన్నిటిని తునియలు చేసిరి. గెలిచిన బండియని దాచుకొనుట ఎంజో స్వభావము గాదు. రాబోవు బండియే అతనికి ముద్దు.

ఈ చరిత్రలో నా మనస్సున కెక్కిన ఘట్టము 1976వ సంవత్సరమునాటిది. ఆస్ట్రియా దేశీయుడగు నికీ లౌడా ఆగస్టు 1వ తేదీన జర్మనీలో మంటలలో జిక్కి, మరణము ముంగిటి కేగి మరలెను. నలువది రెండు దినములకే, మానని గాయములతో మోంజాలో బండి నడిపి నాలుగవవాడై వచ్చెను. కాని జపానులో జరిగిన కడపటి పందెమున కుండపోత వర్షము గురియుచుండగా, తనంతట తానే బండి నిలిపి దిగిపోయెను. ఒక్క పాయింటుతో పదవి చేజాఱెను. మంటలలోనుండి వచ్చినవానిని పిఱికియనువా రెవ్వరు? ప్రాణముకన్న పదవి గొప్పది కాదని నిండు సభలో జెప్పుటయు శౌర్యమే. 1977లో అతడే మరల చాంపియను అయ్యెను.

1988లో ఎంజో మరణించెను. 1979 తరువాత ఇరువదియొక్క యేండ్లు ఫెరారి సారథికి చాంపియను పదవి దక్కలేదు. 2000లో జర్మనీ దేశీయుడు మైకేల్ షూమాకర్ దానిని దెచ్చి, 2004 వఱకు వరుసగా నైదేండ్లు నిలుపుకొనెను. ఫెరారి గెలిచిన దినమున మరనెల్లో చర్చి గంటలు మ్రోగించుట ఆ యూరి యాచారము. ఆ యేండ్లలో గంటలకు విశ్రాంతి లేకపోయెను.

ఊరిలోని ప్రదర్శనశాల 1990లో వెలసినది. మోడెనాలో ఎంజో జన్మించిన యింటను, దాని చెంత మోటారుబండి ముందుమూతవలె మలచిన పసుపుపచ్చని కప్పు క్రిందను మఱియొక ప్రదర్శనశాల 2012లో వెలసినది. వేర్వేరు కాలముల బండ్లను ప్రక్కప్రక్కన జూచినచో వేగము పెరిగిన చరిత్రతోపాటు, మనుష్యప్రాణమునకు విలువ పెరిగిన చరిత్రయు గానవచ్చును. తొలినాళ్లలో సారథికి నడుముపట్టీ లేదు. 1952 వఱకు గట్టి శిరస్త్రాణమైనను నిర్బంధము గాదు. నడుముపట్టీలు 1972లో విధిగా వచ్చినవి. 1983నాటి ఫెరారి బండి మొదలుకొని సారథి కూర్చుండు గూడును కార్బను నారతో జేసిరి. 2018లో తలచుట్టు టైటానియపు కమ్మి వచ్చినది. అది సుమారు 12 టన్నుల బరువు నోర్వగలదు. ఒక్కొక్క కట్టుదిట్టము వెనుక ఒక్కొక్క యింటి దుఃఖమున్నది.

స్త్రీలు ఈ పందెములకు దూరముగా నుండలేదు. నేపుల్సు నగరపు మరియా తెరెసా దె ఫిలిప్పీసు 1958లో, మోడెనాలోనే తయారైన మసెరాటి బండిపై ప్రపంచ చాంపియను పందెములలో బాల్గొన్న మొదటి వనిత యయ్యెను. మఱుసటి యేడు తోటి సారథి యొకడు మరణింపగా ఆమె పందెములను విడిచెను. ఆ నిర్ణయమును జూచి జాలిపడ నక్కఱలేదు. లౌడా జపానులో జేసినదియు నట్టిదే.

ఇటలీకి బోవు సోదరీమణులు ఒక్కపూట మరనెల్లోకు గేటాయింపుడు. పిల్లలు ఇంజనులను జూచి యానందింతురు. మీరు మాత్రము బండిముక్కుపై నున్న యా చిన్న గుఱ్ఱమును ఒక్కక్షణము నిలిచి చూడుడు. తన బిడ్డను మరల దెచ్చుకొనలేని తల్లి, పరుల బిడ్డకు శుభము గోరి యిచ్చినది యది.